భూతాపంలో వరి మడి వాటా

సంపాదకులకు నమస్కారం.

భూతాపంపై గత వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో ఫ్యాక్టరీ పొగగొట్టాలున్నాయి, కార్లున్నాయి, నరికేసిన అడవులున్నాయి. వరి మడి మాత్రం లేదు. ముప్పై ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పి, ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో రెండెకరాల వరి చేసుకుంటున్నవాణ్ని కాబట్టి ఆ లోటు నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది.

హరితగృహ ప్రభావం అనగానే పాఠ్యపుస్తకాలు గాజు ఇంటి బొమ్మ వేస్తాయి. గాజు ఇంట్లో అడుగుపెట్టిన పిల్లవాడు నా తరగతుల్లో ఒక్కడూ లేడు. అందుకని నేను చలికాలం రాత్రుల గురించి అడిగేవాణ్ని. ఆకాశం నిర్మలంగా ఉంటే తెల్లవారేసరికి వణికిస్తుంది, మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు, ఎందుకురా అని. పగలంతా ఎండ తాగిన నేల రాత్రి ఆ వేడిని పైకి వదులుతుంది. మబ్బు దాన్ని పూర్తిగా పోనివ్వక కొంత కిందికి తిప్పి పంపుతుంది. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ చేసే పనీ అదే. కాకపోతే అవి కంటికి కనిపించవు, గాలి వీస్తే చెదిరిపోవు. ఇటువంటి వాయువులు అసలే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీలు ఉండేది. ఉండబట్టి 15 దగ్గర ఉంది. ఇబ్బందంతా మోతాదు పెరగడంతో వచ్చింది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. మీథేన్ రెండున్నర రెట్లకు పైగా అయింది.

ఈ మీథేన్ దగ్గరే మన మడి ప్రస్తావన వస్తుంది. నాటు వేసిన నెలకు, నీళ్లు నిలిచిన మడిలోకి ఒకసారి దిగండి. అడుగు తీసి అడుగు వేస్తుంటే బురదలోంచి బుడబుడమని బుడగలు తేలతాయి. చిన్నప్పుడు అవి చేపలనుకుని చేతులు పెట్టేవాళ్లం. నీరు నిలిస్తే నేలలోకి గాలి పోదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు పాత కొయ్యకాలును, వేళ్లను కుళ్లబెట్టి మీథేన్ తయారుచేస్తాయి. బుడగల్లో పోయేది కొంతే. ఎక్కువ భాగం వరి కాడ లోపలి సన్నని గొట్టాల గుండా చప్పుడు లేకుండా గాలిలో కలుస్తుంది. ప్రపంచంలో మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో 8 నుంచి 10 శాతం వరి పొలాలదేనని అంచనా. వేడిని పట్టి ఉంచడంలో, ఇరవై ఏళ్ల లెక్కన కిలో మీథేన్ దాదాపు 80 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. అయితే గాలిలో దాని ఆయుష్షు పన్నెండేళ్లు మాత్రమే. ఇవాళ తగ్గిస్తే ఫలితం మన జీవితకాలంలోనే తెలుస్తుంది.

రైతును దోషిగా నిలబెడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. తలసరిన మన దేశంలో ఏడాదికి వెలువడే కార్బన్ డయాక్సైడ్ రెండు టన్నులైతే, అమెరికాలో దాదాపు 14. తిండిగింజలు పండించేవాణ్ని, ఏసీ గదిలోంచి కదలనివాణ్ని ఒకే గాటన కట్టడం అన్యాయం. అయినా మా ఊళ్లో జరుగుతున్నది చూస్తే ఊరుకోలేకపోతున్నాను. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటోస్టార్టర్ బిగించినవాళ్లు ఇక మోటారు ముఖం చూడటం లేదు. పక్క పొలం నీళ్లు ఏ వేళ చూసినా గట్టు పొర్లి కాలువలోకి పోతుంటాయి. ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. రామగుండం పొగగొట్టాలు మా గట్టు మీదికి కనిపిస్తాయి. ఒక్క మడి కోసం అక్కడ బొగ్గు కాలుస్తున్నాం, ఇక్కడ మీథేన్ వదులుతున్నాం, కోత మిషన్ వెళ్లాక కొయ్యకాలుకు నిప్పు పెడుతున్నాం.

దీనికి ఉపాయం కొత్తదేమీ కాదు, ఆరుతడి. అంటే మడిని కొంత ఆరనిచ్చి మళ్లీ తడి పెట్టడం. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్కకు కింది సగంలో చిల్లులు పెట్టి, ఆ సగాన్ని బురదలో దింపి, లోపలి మట్టి తీసేయాలి. పైపులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ తడి పెట్టాలి. నాటిన తొలి రెండు వారాలు, పూత సమయంలో మాత్రం నీరు నిలపాలి. ఇలా చేస్తే మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది. ఆరబెట్టినప్పుడు వేడిని పట్టి ఉంచే మరో వాయువు, నైట్రస్ ఆక్సైడ్, కాస్త పెరుగుతుంది, యూరియా మితిమీరితే మరీను. అయినా మొత్తం మీద లాభమే. బోరు వేసినప్పుడు మిగిలిన పైపు ముక్కలతో రెండు యాసంగులు నేనే చేసి చూశాను. దిగుబడి తగ్గలేదు.

పక్క పొలం ఆయనకు ఇదంతా చెబితే, "బిల్లు కట్టేది లేదు, రోజూ పైపులోకి తొంగిచూసే తీరిక ఎవరికుంది సార్? నీళ్లు తీస్తే కలుపు లేస్తుంది, ఆ కూలి మీరిస్తారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. 2003లో ఎంతో ఆర్భాటంగా వచ్చిన, తక్కువ నీటితో పండించే శ్రీ వరి పద్ధతి కూడా కలుపు దగ్గరే, కూలీల దగ్గరే చతికిలబడింది.

సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించిన ప్రభుత్వం, ఆరుతడి పాటించిన ఎకరానికీ ఎంతో కొంత ఇవ్వలేదా? కాలువ కింది భూములకైతే నీటిని వంతులవారీగా వదిలితే సగం పని అదే జరిగిపోతుంది. బోర్ల కిందే డబ్బు కావాలి, అజమాయిషీ కావాలి. అందుకు ఊళ్ల దగ్గర రైతు వేదికలున్నాయి, ఏఈఓలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) ఉన్నారు. వచ్చే యాసంగికి ఒక్కో ఏఈఓ చూసే క్లస్టరుకు పది మడుల్లోనైనా మొదలుపెట్టమని వ్యవసాయ శాఖను కోరుతున్నాను. నా దగ్గర చిల్లులు పెట్టిన పైపు ముక్కలు ఇంకా ఏడెనిమిది ఉన్నాయి. మా ఏఈఓ అడిగితే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పెద్దపల్లి జిల్లా