వెనీర్ల అతుకులో తొందర వద్దు

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడగానే దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా 'కొత్త చిరునవ్వు' ప్రకటనలు వెలుస్తాయి. పింగాణీ ఏ దేశపుదో, గ్యారంటీ ఎన్నేళ్లో వాటిలో రాస్తారు గాని, వెనీరు అనే, పంటి ముందు వైపు కప్పే ఆ పలుచని పెంకును పంటికి ఎలా అతికిస్తారన్నది ఒక్క ముక్క ఉండదు. ఊడిన వెనీరును కాగితంలో పొట్లం కట్టుకుని మా క్లినిక్‌కు వచ్చేవారిని తరచూ చూస్తున్న దంతవైద్యుడిగా ఈ లేఖ రాస్తున్నాను.

అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే ఈ పెంకు విడిగా ఉంటే వేళ్ల మధ్యే విరుగుతుంది. పంటి పై గట్టి పొర అయిన ఎనామిల్‌కు సరిగ్గా అతుక్కుంటే పదేళ్లు దాటి కూడా నిలుస్తుంది. ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే అతికించే జిగురు పదార్థమైన రెజిన్‌కు పట్టు దొరుకుతుందని 1955లో దంత పరిశోధకుడు బ్యునోకోర్ చూపగా, పింగాణీ లోపలి వైపును హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేసే పద్ధతిని 1983లో పరిశోధకులు సైమన్‌సన్, కలామియా చూపారు. నేటికీ అతుకంతా ఈ రెండు గరుకుల మీదే ఆధారపడి ఉంది. అందుకే పంటిని అతిగా అరగదీసి, ఎనామిల్ దాటి దాని కింది మెత్తని పొర డెంటీన్‌లోకి దిగితే, పింగాణీ ఎంత ఖరీదైనదైనా పట్టు తగ్గుతుంది.

నల్గొండ వైపు నుంచి గారపండ్లతో (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు మచ్చలు పడే ఫ్లోరోసిస్‌తో) వచ్చేవారి విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మచ్చ కనిపించకూడదని లోతుగా అరగదీస్తూ పోతే, మచ్చతోపాటు ఎనామిల్ కూడా పోతుంది. పైగా ఫ్లోరోసిస్ పంటి పై పొర ఆమ్లానికి తేలిగ్గా లొంగదు కాబట్టి, మామూలు పంటికి సరిపోయే 15 నుంచి 30 సెకన్లు దానికి చాలకపోవచ్చు. ముందు బ్లీచింగ్ చేసి చూడవచ్చు గాని, ఆ తరువాత అతికించడానికి సుమారు 2 వారాలు ఆగాలి. పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ను సరిగా గట్టిపడనివ్వదు. ముహూర్తం అడ్డం వచ్చేది సరిగ్గా ఈ 2 వారాలకే.

ఊడిన వెనీరు తన కథ తానే చెబుతుంది. అతికించిన రెజిన్ సిమెంటంతా పంటి మీదే మిగిలి, పింగాణీ లోపలి వైపు శుభ్రంగా ఉంటే, లోపం పింగాణీని సిద్ధం చేయడంలో ఉంది: నోటిలో పెట్టి చూసినప్పుడు అంటిన లాలాజలాన్ని సరిగా తొలగించలేదు, లేదా పింగాణీని రెజిన్‌తో కలిపే సైలేన్ అనే ద్రవం పాతబడినది వాడారు, లేదా ఆ పదార్థానికి తగని ఆమ్లం, తగని సమయం ఎంచుకున్నారు. లిథియం డైసిలికేట్ అనే పింగాణీ రకానికి 5 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో 20 సెకన్లు చాలు. మరో రకమైన జిర్కోనియా మీద ఆ ఆమ్లం పనిచేయనే చేయదు. సిమెంటు వెనీరుతోపాటే ఊడివస్తే, పంటి వైపు చూడాలి: తడి తగలడమో, చిగురు నుంచి రక్తం ఊరడమో, డెంటీన్ బయటపడటమో జరిగి ఉంటుంది. పంటికి తడి తగలకుండా చుట్టూ అడ్డుపెట్టే రబ్బరు తెర, అంటే రబ్బర్ డ్యామ్ కట్టడానికి పట్టే కొద్ది నిమిషాలను కూడా మిగుల్చుకోవాలనుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నవారికి రాత్రిపూట పళ్లకు తొడుక్కునే నైట్‌గార్డ్ ఇవ్వకపోతే, మంచి అతుకున్నా పెంకు పగలవచ్చు.

కాబట్టి ఏ పింగాణీ వాడారో, ఏ సిమెంటు పెట్టారో, అరగదీశాక ఎనామిల్ ఎంత మిగిలిందో కేస్ షీట్‌లో రాసి పేషెంటుకు ఒక ప్రతి ఇవ్వడం నగరంలోని క్లినిక్‌లన్నీ అలవాటు చేసుకోవాలని కోరుతున్నాను. పాఠకులకు ఒక మనవి: వెనీరు ఊడితే ఇంట్లో ఫెవిక్విక్‌తో అతికించుకోకండి, కడగకండి, పారేయకండి, ఉన్నది ఉన్నట్టు డబ్బాలో పెట్టి తీసుకురండి.

ఇట్లు,
ఒక దంతవైద్యుడు,
మలక్‌పేట, హైదరాబాద్