వారం మధ్యలో ఒక సాయంత్రం తెరచాప పందేలు పెట్టండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఉమ్మడి వరంగల్ జిల్లా చెరువుల్లో పడవ షికారు గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తూనే ఉన్నాయి. అవన్నీ దాదాపు ఒకే తీరున ఉంటాయి: కొత్త మోటారు పడవ వచ్చింది, టికెట్టు ధర ఇంత, ఆదివారం జనం కిక్కిరిసిపోయారు. డబ్బు కట్టి, లైఫ్ జాకెట్ తగిలించుకొని, ఒక చుట్టు తిరిగి దిగిపోవడం తప్ప ఇన్ని చెరువులున్న ఊరివాళ్లకు నీటితో వేరే సంబంధమే అక్కర్లేదా అన్నది నా ప్రశ్న. గాలితో నడిచే నాలుగైదు తెరచాప పడవలు సమకూర్చి, వారం మధ్యలో ఒక సాయంత్రం సరదా పందేలు నడిపే క్లబ్బును హనుమకొండ దగ్గర పెట్టడం సాధ్యమేనని, అందులో చేరడానికి సొంత పడవ గాని అనుభవం గాని ఉండనక్కర్లేదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మా అబ్బాయి దగ్గరికి చికాగో వెళ్లినప్పుడు, మిషిగన్ సరస్సులో బుధవారం సాయంత్రాల్లో జరిగే ఇటువంటి పందేలను చూడటమే కాక ఒక పడవ ఎక్కే అవకాశం కూడా కలిగింది. అక్కడ శని, ఆదివారాల్లో జరిగే పెద్ద పోటీలు వేరు, ఇవి వేరు. ఆఫీసు అయిపోగానే జనం నేరుగా ఒడ్డుకు వచ్చేస్తారు. పెద్ద పడవకు ఐదారుగురు మనుషులు కావాలి. పనిరోజు కాబట్టి వారిలో ఒకరిద్దరు రాకపోవడం మామూలే. అందువల్ల గంట ముందుగా వచ్చి, పందేలు చూసుకునే వారికి పేరు చెప్పి, నాకేమీ రాదు గాని నేర్చుకుంటాను అని ఉన్నమాట చెప్పినవాడికి ఏదో ఒక పడవలో చోటు దొరుకుతుంది. పడవ యజమాని నన్ను అడిగినవి రెండే: ఈత వచ్చా, బూట్ల అడుగు పడవ మీద మరకలు వేయని రకమేనా అని. ఆ తర్వాత నాకొక పని అప్పగించాడు. పడవ దిశ మార్చబోతూ అతను కేక వేసినప్పుడల్లా తల వంచి, తెరచాప అడుగున ఉండే అడ్డదూలం కింది నుంచి అవతలి అంచుకు పాకి, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చోవాలి. గాలి పడవను ఒక పక్కకు ఒరిగిస్తుంటే మనుషుల బరువు రెండో పక్కన దానికి అడ్డుకట్ట వేస్తుంది కాబట్టి, గాలి బాగా వీచే రోజున నాలాంటి భారీ శరీరాలకు అక్కడ మంచి గిరాకీ ఉంటుందని కూడా తెలిసింది.

పందెం జరిగే తీరు తెలుసుకుంటే ఇది డబ్బున్నవారి షోకు మాత్రమే అన్న అపోహ కొంత తొలగుతుంది. నీటిలో రెండు మూడు బోయలు (లంగరు వేసి నిలిపిన తేలే గుర్తులు) వేసి, ఎదురుగాలిలో ఒకటి, గాలివాటున ఒకటి దాటి రమ్మంటారు. గాలికి సూటిగా ఎదురు వెళ్లడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు గనుక పడవలు అటొకసారి, ఇటొకసారి ఏటవాలుగా వంకరలు తిరుగుతూ గాలి వచ్చే వైపుకు వెళ్తాయి. ఎవరి తెలివి ఎంతో బయటపడేది ఆ మొదటి దారిలోనే. మొదలుపెట్టడానికి ఐదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాల ముందు ఇంకొకటి ఎగరేస్తారు. నిమిషం ముందు రెండోది దించుతారు, సమయానికి మొదటిది దించుతారు. పరుగుపందెంలో లాగా గీత దగ్గర కదలకుండా నిలబడటానికి పడవకు బ్రేకులు లేవు. అందుకే ఆ ఐదు నిమిషాలూ అందరూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ, జెండా దిగే క్షణానికి సరిగ్గా గీత మీదికి రావాలని చూస్తారు. గాలి ఎడమ పక్క నుంచి తగులుతున్న పడవ, కుడి పక్క నుంచి తగులుతున్న పడవకు దారి ఇవ్వాలన్నది మొదటి నియమం. నాకు అన్నిటికన్నా నచ్చినది మాత్రం శిక్ష పద్ధతి. ఈ పందేల్లో నీటిమీద అంపైరు ఉండడు. దారి ఇవ్వవలసినవాడు ఇవ్వకపోతే, తప్పు తనదేనని ఒప్పుకొని, తన పడవను తానే రెండు పూర్తి చుట్లు తిప్పి ముందుకు సాగాలి. బోయను తాకితే ఒక చుట్టు. ఒప్పుకోకపోతే పెద్ద పోటీల్లో ఫిర్యాదు, విచారణ ఉంటాయి. బుధవారం పందేల్లో ఆ గొడవ చాలావరకు ఒడ్డుకు చేరాక నవ్వులతోనే తేలిపోతుంది. మన పిల్లలకు ఏ ఆటలోనైనా ఇంతకంటే మంచి నియమం నేర్పగలమా అన్నది నా అనుమానం.

పడవలన్నీ ఒకే రకం కానప్పుడు గెలుపెవరిదో తేల్చడానికి కూడా పద్ధతి ఉంది. బ్రిటన్‌లో వాడే లెక్క ప్రకారం ప్రతి రకం పడవకూ దాని వేగాన్ని బట్టి ఒక అంకె ఇచ్చి, పట్టిన సమయాన్ని 1000తో గుణించి ఆ అంకెతో భాగిస్తారు. 1250 అంకె ఉన్న నెమ్మది పడవ 50 నిమిషాల్లో వస్తే దాని లెక్క 40 నిమిషాలు. 1000 అంకె ఉన్న వేగం పడవ 44 నిమిషాల్లో ముందే వచ్చి కూర్చున్నా ఓడినట్టే. అంటే పాత పడవ కొనుక్కున్నవాడు కూడా గెలవగలడు.

ఇక మన సంగతి. సాయంత్రం ఆఫీసు వదిలాక లక్నవరం వెళ్లడం కుదరదు, అది 70 కిలోమీటర్లకు పైనే. పాకాల అభయారణ్యంలో ఉంది. భద్రకాళి చెరువును పూడికతీత కోసం 2024 చివర ఖాళీ చేసిన సంగతి అందరికీ తెలిసిందే. నా దృష్టిలో తగిన చోటు ధర్మసాగర్ రిజర్వాయరు. దేవాదుల నుంచి గోదావరి నీళ్లు వచ్చి చేరేది అక్కడికే, నగరానికి తాగునీరు పోయేదీ అక్కడి నుంచే. తాగే నీటిలో ఇంజన్ల నూనె కలపడం కంటే గుడ్డ తెరచాపలు తిరగనివ్వడం మేలని వేరే చెప్పాలా? ప్రమాద సమయంలో ఆదుకోవడానికి ఒక పడవకు మోటారు తప్పదు గాని, దాన్ని బ్యాటరీతో నడిపించవచ్చు.

చికాగో పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకుంటే కుదరదు. అక్కడ జూన్ నెలలో రాత్రి 8:30 దాకా వెలుతురు ఉంటుంది. మనకు జూన్ చివర కూడా 6:50 ప్రాంతానికే పొద్దు గుంకుతుంది. అందువల్ల 5:15కు మొదలై ముప్పావు గంటలో ముగిసే ఒక్క పందెమే మనకు సరిపోతుంది. దానికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు అనువైన కాలం, ఎందుకంటే నైరుతి గాలి నిలకడగా ఉండేది అప్పుడే. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ వీక్, మాన్సూన్ రెగట్టా వంటి పోటీలను వానాకాలంలో పెట్టేది కూడా గాలి కోసమే. ఉరుము వినపడితే మాత్రం ఆ రోజుకు పందెం రద్దు కావాలి, బతిమాలుడు ఉండకూడదు.

పడవల ఎంపికలో కూడా కొంత ఆలోచించాలి. ఒక్కరే నడిపే లేజర్ రకం పడవ చాలా మంచిదే. నేత్రా కుమనన్, విష్ణు శరవణన్ టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లలో పోటీ చేసింది ఆ రకంలోనే. 1947లో పిల్లల కోసం రూపొందిన ఆప్టిమిస్ట్ 2.36 మీటర్ల బుల్లి పడవ, పదిహేనేళ్ల లోపు వారికి సరిపోతుంది. కాని పని చేసుకుంటూ కొత్తగా చేరేవారికి కావలసింది నేర్చినవాడి పక్కన కూర్చోగలిగే ఇద్దరి పడవ. సుమారు 4 మీటర్ల పొడవుండే ఎంటర్‌ప్రైజ్ అటువంటిది. చిన్న పడవలు బోల్తా పడతాయి, అది దాచవలసిన విషయం కాదు. బోల్తా పడ్డ పడవ అడుగు నుంచి పొడుచుకువచ్చే పలక మీదికెక్కి నిలబడి, బరువంతా వెనక్కి వేసి దాన్ని తిరిగి లేపడమే మొదటి పాఠం కావాలి. ఈత రానివారిని పడవ ఎక్కించకూడదు.

అందరికంటే ముందు మాట్లాడవలసింది మత్స్యకార సహకార సంఘాల వారితో. నీటిమీద బతికేది వారు. మొద్దులు ఎక్కడున్నాయో, నీరు తగ్గితే ఏ బండ తేలుతుందో, వలలు ఎక్కడ కట్టారో వారికి తెలిసినట్టు ఏ అధికారికీ తెలియదు. ఆదివారం చేపల గిరాకీ రోజు కాబట్టి శనివారం రాత్రి, ఆదివారం తెల్లవారుజామున వారి పని జోరుగా ఉంటుంది. బుధవారం సాయంత్రం ఎంచుకోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. బోయలు వేసే చోటును వారితోనే నిర్ణయింపజేసి, రక్షణ పడవ నడిపే పనిని కూలీ ఇచ్చి వారి పిల్లలకే అప్పగించాలి. థర్మాకోల్ తెప్ప మీద ఒంటరిగా వల వేయగల కుర్రవాడికి తెరచాప పట్టడం ఎంతసేపు?

నేర్పేవారు లేరనడానికి కూడా వీల్లేదు. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలకు శిక్షణ ఇచ్చి జాతీయ పోటీలకు పంపుతోంది. ఒక వేసవిలో వారి శిక్షకులను ఇక్కడికి పిలిపించుకోవచ్చు. ఎన్‌ఐటీలోను, కాకతీయ విశ్వవిద్యాలయంలోను ఉత్సాహం ఉన్న విద్యార్థులకు కొరత లేదు. పందెం తర్వాత బీరు తాగడం చికాగోలో ఆనవాయితీ అయితే, మన కట్ట మీద చాయ్, మిర్చి బజ్జీ చాలు.

పర్యాటక, నీటిపారుదల శాఖల వారు, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ వారు మత్స్యకార సంఘాన్ని కూడా కూర్చోబెట్టుకొని ఈ విషయంపై ఒక్కసారి సమావేశం కావాలని, రిజర్వాయరులో తెరచాప పడవలకు అనుమతి ఇవ్వగల భాగం ఏదో, ఇవ్వలేని భాగం ఏదో పటం గీసి ప్రకటించాలని కోరుతున్నాను. ఆ పటం వస్తే, పేర్లు నమోదు చేసుకునే పుస్తకం పట్టుకొని కట్ట మీద కూర్చునే పని నేను చేస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ