స్ప్రింగులు కొయ్యకు బిడ్డా

హనుమకొండ
ఆదివారం పొద్దున

బిడ్డా,

మొన్న ఫోన్ల నువ్వు చెప్పిందంతా విన్న. దసరాకు వచ్చి మన మారుతి జెన్ కారును హైదరాబాద్ తీసుకపోతవు, స్ప్రింగులు ఒక్కో చుట్టు కోయిస్తవు, వెడల్పు టైర్లు, పెద్ద అల్లాయ్ చక్రాలు వేయిస్తవు, అప్పుడు బండి మలుపులల్ల నేలను కరుచుకొని పోతది అన్నవు. అక్కడనే కాదని అందామనుకున్న. అంటే "అమ్మా, నీకు తెల్వదు" అంటవు. అందుకే కాయితం మీద పెడుతున్న. కాయితానికి నడుమ అడ్డం రారాదు గద.

ఆ బండి ఇంటికొచ్చిన నాడు, 2003ల, నీకు ఆరేండ్లు. ఏపీ 36 నెంబరు పలకకు పసుపు కుంకుమ పెట్టింది నువ్వే. హనుమకొండ నుంచి పరకాల బడికి, గుడెప్పాడ్ కాడ ఎడమకు తిరిగి, పదిహేడేండ్లు నేనే నడిపిన. ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. కారు కింద నేను పండుకోకపోయినా, పండుకున్నోళ్ల పక్కన నిలబడి శాన చూసిన.

నీకు ఎన్నడు చెప్పని ముచ్చట ఒకటున్నది. నువ్వు ఇంటర్ హాస్టల్ల ఉన్నప్పుడు, వానాకాలంల, మీ బాపు నేను ఏటూరునాగారం పెండ్లికి పోతున్నం. పస్రా దాటినంక తాడ్వాయి అడవిల రోడ్డంత తడి. ఒక కుడి మలుపుల కొంచెం ఎక్కువ స్పీడ్‌తోని దూరిన. స్టీరింగ్ తిప్పుతనే ఉన్న, ముందటి చక్రాలు మాట వింటలేవు. బండి ఎడమ అంచుకు, టేకు చెట్ల దిక్కు జరుగుతున్నది. భయపడి యాక్సిలరేటర్ మీదికెళ్లి కాలు ఠక్కున తీసిన. అంతే, ముందటి చక్రాలు పట్టుకున్నయి, వెనక వదిలేసింది. ఎవరో తోక పట్టి పక్కకు ఈడ్చినట్టయింది. బండి అడ్డం తిరిగి రోడ్డు నడుమ ఆగింది. ఎదురుంగ లారీ రాలేదు, అంతే మన అదృష్టం. మీ బాపు మాట్లాడకుంట దిగి, సీసాల నీళ్లు తాగి, మళ్ల ఎక్కి కూసున్నడు. పెండ్లిల కూడ ఎవరికి చెప్పలే.

ముందటి చక్రాలతోని నడిచే బండ్ల గుణమే అది. ఇంజన్, గేర్‌బాక్స్ రెండు ముందే ఉంటయి. జెన్ బరువు ముప్పావు టన్నుకు అటుఇటు, అండ్ల సగం కన్న బాగ ఎక్కువ ముందటి రెండు టైర్ల మీదనే. అవే బండిని గుంజాలె, అవే తిప్పాలె, బ్రేకు కొడితే ఎక్కువ భారం అవే మోయాలె. టైరుకు ఉన్న పట్టును నెల జీతం అనుకో. కిరాయికి పోయింది పోగా మిగిలిందే చిట్టీకి. మలుపుల్ల యాక్సిలరేటర్ తొక్కితే జీతంల కొంత గుంజుడుకు పోతది, తిప్పుడుకు తక్కువ పడ్తది, బండి బయటికి జరుగుతది. ఒక్కసారే కాలు తీస్తే ఇంజన్ వెనక్కి పట్టుకుంటది, బరువు ముందటికి ఒరుగుతది, వెనక టైర్లు తేలికైతయి, తోక జారుతది. పదో తరగతి పిల్లలకు జడత్వం చెప్పేటప్పుడు బస్సు బ్రేకు ఉదాహరణ ఎన్నిసార్లు చెప్పిన్నో నాకే లెక్క లేదు. ఆ అడవిల నాకు ఒక్క ముక్క యాదికి రాలే.

సరే, నీ ఫోన్ పెట్టేసిన మూడో నాడు బండిని ఆటోనగర్ల మన ఉస్తాద్ దగ్గరికి తోలుకపోయిన. నేను రిటైరైనంక అది యాపచెట్టు కిందనే ఎక్కువ ఉన్నది గద. ఉస్తాద్ బానెట్ లేపలే. వంగి టైరు గోడ మీద నాలుగంకెలు చదివిండు: 1415. అంటే 2015ల పద్నాలుగో వారంల తయారైన టైరు. గాట్లు చూస్తే ఇంక మస్తుగున్నయి, చట్టం అడిగే 1.6 మిల్లీమీటర్ల కన్న ఎంతో ఎక్కువ. కానీ గోరుతోని ఒత్తితే దిగదు, చెక్క లెక్క అయింది. "మేడం, ముందు ఇవి తీసెయ్, తర్వాత సస్పెన్షన్ ముచ్చట" అన్నడు. రబ్బరు గట్టిపడ్డ టైరు మీద ఏ స్ప్రింగు పెట్టినా ఏం ఫాయిదా. రోడ్డును ముట్టేది ఆ నాలుగు అరచేతులంత జాగనే.

ఇగ బుష్‌ల సంగతి, అంటే చక్రాల ఇనుప భాగాలు కలిసే కాడ ఉండే రబ్బరు కీళ్లు. ఇది కండ్లతోని చూడాలె. జాకీ మీద లేపి, చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి, ఎడమ లోయర్ ఆర్మ్ సందుల టామీ రాడ్డు పెట్టి ఒక్క ఒత్తు ఒత్తిండు. చక్రం ముందుకు వెనక్కి, నా బొటనవేలు మందం, కదిలింది. ఆర్మ్ దింపి, ప్రెస్సుల పెట్టి బుష్ బయటికి కొట్టిండు. నా అరచేతిల పెట్టిండు. నడుమ ఇనుప గొట్టం, చుట్టు రబ్బరు. ఆ రబ్బరు ఎండిపోయిన మామిడి తాండ్ర లెక్క పగిలి, ఒక దిక్కు గొట్టాన్ని పూర్తిగ వదిలేసింది. ఇరవై ఏండ్ల గుంతలు, వేడి, ఇంజన్ నుంచి కారే ఆయిల్ దాన్ని తిన్నయి. పరకాల రోడ్డు మీద బండి యాక్సిలరేటర్ తొక్కితే ఒక దిక్కు, కాలు తీస్తే ఇంకో దిక్కు ఎందుకు గుంజేదో అప్పుడు సమజైంది. ఇంజన్ గుంజినప్పుడు చక్రం బుష్‌ను ముందటికి నూకుతది, కాలు తీస్తే వెనక్కి వస్తది. బుష్ వదులైతే చక్రాల కోణమే నీ కాలుతోని మారుతది.

ఇంకో మాట యాదిలో పెట్టుకో, హైదరాబాద్‌ల నువ్వు ఎక్కడన్న చేయిస్తే అడగాలె. కొత్త బుష్ బోల్టులు బండి జాకీ మీద వేలాడంగ బిగించొద్దు. చక్రాలు నేల మీద ఆనినంక, బండి బరువు పడ్డంకనే చివరి బిగింపు. గాలిల బిగిస్తే రబ్బరు రోజంత మెలిపడి ఉంటది, ఏడాదిలనే చిరుగుతది. ఉస్తాద్ షాపుల కొత్త పోరడు గాలిలనే బిగించబోతే, ఉస్తాద్ తిట్టకుంట వాని చేతిలకెళ్లి రెంచి తీసుకున్నడు. వానికి అర్థమైంది, నాకు కూడ.

స్ప్రింగు ఊగుడును ఆపే షాకప్‌లు నాలుగు మార్చినం. ముందు ఎడమది లీకై, ఆయిల్ మీద దుమ్ము పట్టి నల్లగ పేరుకున్నది. ఒకటే మారుస్తే చాలదా అన్న. ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాతది ఏసుకొని ఉరుకుతవా అన్నడు. పాతదాన్ని చేతితోని లోపలికి నూకితే అట్లనే ఉండిపోయింది. కొత్త గ్యాస్‌ది నూకి వదిలితే మెల్లగ, తనంతట తానే పైకి లేసింది. ముందటి షాకప్‌లను పైన బండికి పట్టి ఉంచే స్ట్రట్ మౌంట్లు, బేరింగులు కూడ కొత్తవి. మనది పవర్ స్టీరింగ్ లేని బండి, ఆ బేరింగు పట్టేస్తే తిప్పిన స్టీరింగ్ వెనక్కి రాదు. స్ప్రింగులు మాత్రం మార్చలే. టైలరింగ్ టేపుతోని చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాక నేనే కొలిచిన, రెండు దిక్కుల సమానమే. వెనక ఇరుసుకు అడ్డంగ ఉండే రాడ్డు బుష్‌లు కూడ అరిగినయి, అవి కూడ వేయించిన. లేకుంటే ఇరుసు మొత్తం పక్కకు ఊగుతది.

అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేసుడు, ఆఖరున. ఇన్నేండ్లు ఒక షాపోడు బుష్ చూడకుంటనే అలైన్‌మెంట్ చేసి, అంత పచ్చరంగు అంకెలున్న కాయితం చేతిల పెట్టేటోడు. నిలబడ్డ బండికి అంకెలు సరిగ్గనే ఉంటయి, నడిచేటప్పుడు కదిలితే ఆ కాయితం దేనికి? నాలుగు చక్రాలకు చేస్తనని పైసలు కూడ తీసుకున్నడు. మన బండి వెనక ఒకటే గట్టి ఇరుసు, దానికి తిప్పడానికి స్క్రూ లేదు. ఏం చేసిండో దేవునికెరుక.

ఇగ నీ కోరికలు.

స్ప్రింగు కోస్తే బండి కిందికైతది, చూడ ముచ్చటగుంటది, నిజమే. స్ప్రింగు గట్టి కూడ పడ్తది, ఎందుకంటే చుట్లు తగ్గితే గట్టిదనం పెరుగుతది. కానీ షాకప్ పాత స్ప్రింగుకు తగ్గట్టు చేసింది. కదిలే జాగ కూడ తగ్గుతది, గుంత వస్తే రబ్బరు స్టాపర్ మీద కొట్టుకుంటది, మలుపుల్ల అట్ల కొట్టుకుంటే పట్టు ఒక్కసారిగ పోతది. ముందటి లోయర్ ఆర్మ్ బయటి కొన పైకి లేసి వంకరైతది, దాంతోని బండి ఏ బిందువు చుట్టు ఒరుగుతదో ఆ ఒరిగే కేంద్రం బండి బరువు కేంద్రం కన్న ఎక్కువ కిందికి పోతది, రెండిటి నడుమ దూరం పెరుగుతది. కిందికి దించిన బండి ఎక్కువ ఒరగాలని చూస్తది, వింతగ లేదా? కంపెనీలు కొలిచి చేసిన స్ప్రింగు, దానికి జోడి షాకప్ వేరు. గ్రైండర్‌తోని కోసుడు వేరు. పైగ కోసిన స్ప్రింగు చక్రం వేలాడినప్పుడు కూసున్న జాగ తప్పొచ్చు.

టైర్లకు నీ మాట సగం విన్న. కంపెనీవి 145/70 ఆర్13, అంటే వెడల్పు 145 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు అండ్ల 70 శాతం, రిమ్ము 13 అంగుళాలు. నేను 155/65 ఆర్13 వేయించిన, పాత ఆల్టో కె10 సైజు. లెక్క చేసి చూసిన: పాతదాని ఎత్తు 533 మిల్లీమీటర్లు, కొత్తది 532కు దగ్గర. స్పీడోమీటర్ అబద్ధం చెప్పదు, రబ్బరు ఒక సెంటీమీటర్ వెడల్పు పెరిగింది. అంతకన్న పెద్దగైతే స్టీరింగ్ తిప్పి నీ భుజాలు పోతయి, వీల్ బేరింగులు పోతయి. అల్లాయ్‌లు అందానికే అయితే నీ జీతంతోని నీ ఇష్టం, ఇనుప రిమ్ముల కన్న బరువైనవి మాత్రం కొనకు.

బానెట్ కింద రెండు దిక్కుల షాకప్ కొనలను కలిపే స్ట్రట్ బార్ ఇప్పుడు వద్దు, తేడా నీకు తెలువదు. బండి ఒరుగుడు తగ్గించే యాంటీ రోల్ బార్ వెనక వేసుడు నిజంగ పని చేసే ఉపాయం, ముందటి జారుడు తగ్గుతది. కానీ ఆ తగ్గింది వెనక్కే పోతది. పస్రా రోడ్డు మీద ఏమైందో ఇప్పుడు నీకు తెలుసు గద. బండిల బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకపోకుంట చూసే ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. ఒక ఏడాది ఇట్లనే నడుపు, వానల కూడ నడుపు, తర్వాత అడుగు.

నడిపేటప్పుడు స్పీడు మలుపుకు ముందే తగ్గించు, లోపలికి పోయినంక కాలు కదలకుంట ఉంచు. 50 స్పీడ్‌ల తిరిగే మలుపుల 60 మీద దూరితే స్పీడు ఐదోవంతే పెరిగింది, టైరు మోసే పక్క బలం మాత్రం 44 శాతం పెరిగింది. వర్గం చేసి చూసుకో.

పాత బుష్ ఒకటి కాయితంల చుట్టి గ్లవ్ బాక్స్‌ల పెట్టిన, పారెయ్యకు, చూసినంక పారెయ్. సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు రా, గునుగు పువ్వు తెచ్చేటోళ్లు లేరు. శాతవాహనకు వస్తే వరంగల్ స్టేషన్‌కు కారు తీసుకొని వస్త. హంటర్ రోడ్డు మీద నువ్వే నడుపు. ఇంకొక చప్పుడు మిగిలున్నది, స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు వెనక కుడి దిక్కు టక్కుమంటది. ఉస్తాద్ రెండుసార్లు వెతికిండు, దొరకలే. నాకైతే డిక్కీల జాకీ వదులైందని అనుమానం. నీ చెవులు నా కన్న మంచియి, వచ్చి విను.

అమ్మ