రాత్రి డ్యూటీలో నర్సులు ఇద్దరు, పసికందులు 17 మంది

సంపాదకులకు నమస్కారం.

ఏటా నవంబరు 15 నుంచి 21 వరకు నవజాత శిశు వారోత్సవాలు జరుపుతారు. ఆ వారంలో నర్సులకు శాలువాలు కప్పే ఫొటోలు మీ జిల్లా పేజీలో చూస్తుంటాను. ఈ వేసవిలో మా మనవరాలి వల్ల ఆ నర్సుల పని 24 రోజులు దగ్గరుండి చూశాను. శాలువాతో తీరే కష్టం కాదది.

మా అమ్మాయికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. పిల్ల బరువు కిలో 350 గ్రాములు. 1,800 గ్రాముల లోపు పుడితే ఎస్‌ఎన్‌సీయూలో, అంటే నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగంలో, చేర్చాలి కాబట్టి కాన్పు గది నుంచి నేరుగా అక్కడికే తీసుకెళ్లారు. మనం 'బాక్సులో పెట్టారు' అంటాం గానీ మా పిల్లను పెట్టింది బాక్సులో కాదు, పైనుంచి వేడి దిగే వార్మర్ మీద. ఆసుపత్రి పేరు రాయను. రాస్తే ముందు మాట పడేది ఆ నర్సులే.

పిల్లను గుండెకు ఆనించుకుని వెచ్చగా ఉంచే కంగారూ మదర్ కేర్ (కేఎంసీ) చేయడానికి తల్లిని లోపలికి రానిచ్చేవారు. అమ్మాయి నడుం వాల్చినప్పుడు గౌను తొడుక్కుని నేను కూర్చునేదాన్ని. ఒక రాత్రి ఊరికే లెక్కపెట్టాను. వార్మర్లు 12, పిల్లలు 17, నర్సులు ఇద్దరు. కొన్ని వార్మర్ల మీద ఇద్దరేసి పిల్లలు.

రెండు గంటలప్పుడు మా పక్కన మానిటర్ మోగింది. నెలలు నిండని పిల్లలు ఉన్నట్టుండి ఊపిరి తీసుకోవడం ఆపేస్తారు. అటువైపు ఇంకో బిడ్డకు పాలు పోస్తున్న నర్సు ఆ ట్యూబు మడిచిపెట్టి పరుగున వచ్చి, అరికాలిని వేలితో రెండుసార్లు తట్టింది. నీలంగా మారిన పెదవులు మళ్లీ రంగు తిరిగాయి. చేతులు కడుక్కుని పాల దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంది. ఏ బిడ్డను ముట్టుకున్నా ముందోసారి, తర్వాతోసారి కడగాలి మరి.

నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. అలవాటు చొప్పున ఇదీ లెక్కేశాను. ఒక్కో నర్సుకు ఎనిమిది మంది పిల్లలనుకుందాం. సగం మంది సెలైన్ మీదే ఉన్నా, మిగతా నలుగురికి రెండు గంటలకోసారి ట్యూబులో పాలు పోయాలి. తోయకూడదు, సిరంజి పైకెత్తి పట్టుకుంటే పాలు వాటంతటవే దిగాలి. దానికి పది నిమిషాలు. 12 గంటల డ్యూటీలో నాలుగు గంటలు పాలకే పోయాయి. ఇంజెక్షన్లు, లైటు కింద పెట్టిన కామెర్ల పిల్లల కళ్లకు గంతలు సరిచేయడం, కేసు షీట్లు రాయడం ఇందులో కలపలేదు. మందు డోసు బరువును బట్టి కట్టాలి. తెల్లవారుజామున మూడింటికి దశాంశ చుక్క ఒక అంకె పక్కకు జరిగిందా, డోసు పది రెట్లవుతుంది. ఆక్సిజన్ తగ్గితే ప్రాణానికి ముప్పు, ఎక్కువైతే కంటిచూపుకే ముప్పు. అందుకే మానిటర్‌లో అంకె 90కీ 95కీ మధ్య ఉండేలా చూస్తూ ఉండాలి.

దాచుకోవడమెందుకు, మూడో రోజు మా అల్లుడే తలుపు దగ్గర నిలబడి సిస్టర్ మీద గట్టిగా అరిచాడు, పిల్లను చూపించడానికి ఇంతసేపా అని. ఆమె "రెండు నిమిషాలు సార్" అని లోపలికి వెళ్లిపోయింది. నేను పక్కనే ఉండి కూడా అతన్ని ఆపలేదు. ఇప్పటికీ అది నాకు గుచ్చుకుంటూనే ఉంది.

షిఫ్టుకు మూడు నాలుగు పడకలకు ఒక నర్సు ఉండాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అందులోనూ పడకల లెక్కే, వాటిమీద ఎంతమందిని పడుకోబెట్టారన్నది లేదు. పైగా ఆ ఇద్దరిలో ఒకామె కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. రెండోఆమెకు ఆ నెలాఖరునే వేరే వార్డుకు డ్యూటీ మార్చారు. ఇంత సన్నటి నరం దొరకబుచ్చుకుని సూది పెట్టడం నేర్చిన చేతిని మళ్లీ జనరల్ వార్డుకు పంపడం ఏం లెక్కో నాకు అర్థం కాలేదు.

2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారాలో, 2024 నవంబరులో ఝాన్సీలో ఇలాంటి యూనిట్లలోనే మంటలు లేచి పదేసి మంది పసికందులు ఆ రాత్రుల్లోనే పోయారు. ఫైర్ సిలిండర్ల గడువు తేదీలు చూశారు, వైరింగ్ చూశారు. మంచిదే. కానీ ఇద్దరు నర్సులకు ఉన్నవి నాలుగు చేతులు. 17 మందిని ఎలా బయటికి తెస్తారో మాత్రం ఎవరూ అడగలేదు.

నేను కోరేది రెండే. ఎస్‌ఎన్‌సీయూలో శిక్షణ పొందిన నర్సులను అక్కడినుంచి కదపకూడదు. రెండోది, ప్రతి యూనిట్ తలుపు మీద షిఫ్టు షిఫ్టుకూ 'ఈ పూట పిల్లలు ఇంతమంది, నర్సులు ఇంతమంది' అని రాసిపెట్టాలి. బయట నిలబడే తండ్రులు అది చదివాకే నోరు తెరుస్తారు. తనిఖీకి వచ్చే అధికారులూ చదవక తప్పదు. దీనికి జీవో కూడా అక్కర్లేదు, ఒక బోర్డు, సుద్దముక్క చాలు.

ఇదే మాట రాసి సూపరింటెండెంటుగారి ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్నట్టు స్టాంపు వేసిచ్చారు. రెండు నెలలైంది, బోర్డు ఇంకా పెట్టలేదు.

– ఒక అమ్మమ్మ, విజయనగరం జిల్లా