విశాఖ వన్‌టౌన్‌లో నెలకో సాయంత్రం పాటలకివ్వండి: నగరపాలక కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

విశాఖకి చుట్టాలొస్తే అందరూ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తారు. నేను పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్తాను. బెల్లం దిమ్మల మీద ముసిరే కందిరీగలు, గోనెపట్టా మీద పోసిన ఎండుమిర్చి ఘాటు, తెగని బేరాలు. కురుపాం మార్కెట్ మీదుగా హార్బర్ వైపు నడిస్తే కొండల మీద చర్చి, దర్గా, వెంకన్న గుడి పక్కపక్కనే.

నెలకో ఆదివారం సాయంత్రం ఆ వీధుల్లో బళ్లు ఆపించి, పాటకి చోటివ్వండి. మన ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్ల వాళ్లు రేకు వాయిద్యాలు గుండెలకి కట్టుకుని ఎగురుతుంటే చూడాలి! కాలేజీ పిల్లల గిటార్లనూ రానివ్వండి. రాత్రి 10 దాటాక మైకులు వద్దంటాయి నిబంధనలు. తప్పెటగుళ్లకి మైకెందుకు లెండి.

ఒక్కటే షరతు. సుందరీకరణ అనగానే తోపుడుబళ్ల వాళ్లకి టెన్షన్. వాళ్లని కదపొద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వాళ్ల ప్రతినిధులే ఉండాలి. తేదీ, చోటు ఆ కమిటీలోనే తేల్చండి. ముందుగా ఆడవాళ్లకి శుభ్రమైన మరుగుదొడ్లు, తాగునీళ్లు చూడండి. సెల్ఫీ పాయింట్లు తర్వాత కట్టుకోవచ్చు.

ఇట్లు,
వన్‌టౌన్ వాసి