కాలువ గట్టు మీద పేచీ

గుంటూరు

ప్రియమైన రామకృష్ణా,

నీ ఉత్తరం అందింది. బందరు కాలువలో కారు పడిన సంగతి రాసి, చివర "జాగ్రత్త లేని మనిషిని ఎవరు కాపాడతారు" అని తేల్చిపారేశావు చూడు, అక్కడే నీతో నాకు పేచీ. మనిషి అన్నాక కునుకు పడుతుంది, కోపం ముంచుకొస్తుంది, ఒక్కొక్కప్పుడు బతుకు మీదే విరక్తి కలుగుతుంది; ఆ ఘడియలో చేతికి ఏది అందుతుందో, ఎదుట ఏది అడ్డు నిలుస్తుందో, ప్రాణం దక్కడం చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. 1966లో అమెరికాలో రహదారి భద్రత సంస్థకు తొలి అధిపతి అయిన విలియం హాడన్ వైద్యుడే. ప్రమాదానికి ముందు, జరిగేటప్పుడు, జరిగిన తరవాత ఏమేమి మార్చవచ్చో విడివిడిగా చూడాలని ఆయన పట్టుబట్టాడు. మలేరియా వచ్చినవాణ్ణి తిట్టి ఊరుకోం కదా, నీళ్లు నిలిచే గుంట ఎక్కడుందో వెతుకుతాం.

మిరప, పత్తి పండే మన పల్లెల్లో పురుగుమందు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి శ్రీలంక అనుభవం నా మనసులో తరచు మెదులుతుంది. ఆ దేశం 1995 నుంచి అతి ప్రమాదకరమైన మందులను విడతలుగా నిషేధిస్తూ వచ్చింది. తరవాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది, పంట దిగుబడి పడిపోయిన దాఖలా కనిపించలేదు. అప్పులు, కాపురపు గొడవలు అక్కడేమీ మాయం కాలేదు. దుఃఖంలో తొందరపడిన మనుషులు ఎక్కువమంది బతికి బట్టకట్టారు, అంతే. (మీ వీధిలో అటువంటి దిగులుతో ఉన్నవారు ఎవరైనా ఉంటే మనసు బాగోలేనివారికి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ 14416 నంబరు ఇవ్వు, తెలుగులోనే మాట్లాడవచ్చు.)

కొట్లాటల విషయమూ ఇంతే. బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరంలో జొనాథన్ షెపర్డ్ అనే శస్త్రవైద్యుడు, దెబ్బలతో ఆస్పత్రికి వచ్చినవారిలో చాలామంది పోలీసుల దాకా వెళ్లడం లేదని గమనించాడు. అప్పటి నుంచి పేర్లు బయటపెట్టకుండా, దెబ్బ ఎక్కడ, ఎప్పుడు, దేనితో తగిలిందో అడిగి రాసుకుని నగర పాలకులకూ పోలీసులకూ అందజేసే పద్ధతి వచ్చింది. మన క్యాజువాలిటీల్లోనూ ఆ మూడు ప్రశ్నలు అడిగితే బాగుండును. మెట్ల మీద జారిపడ్డానని చెప్పే ఇల్లాలిని మాత్రం భర్త పక్కన లేనప్పుడు మరోసారి మెల్లగా అడగాలి, మహిళల సహాయవాణి 181 నంబరు చెప్పి పంపాలి.

నువ్వు ఇంజినీరువి కనుక నీకో పని అప్పజెబుతున్నాను. ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్ల మీద ఏ మలుపులో పిట్టగోడ లేదో, ఎక్కడ దీపం వెలగదో, పిల్లలు ఏ రేవులో ఈతకు దిగుతారో నడిచి చూసి పటం గీసి పంపు. అర్జీ నేను రాస్తాను, సంతకం ఇద్దరం పెడదాం.

నీ
సత్యం