బోదకాలు కడగడం నేర్పిన డాక్టరు గారికి కృతజ్ఞతలు

కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్‌గా రిటైరైన డాక్టరు గారికి మా లంక గ్రామాల తరఫున నమస్కారాలు. పేరు రాయవద్దని ఆయనే అన్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బోదకాలు తెచ్చే ఫైలేరియా జబ్బు మీదే పరిశోధన చేసి, పిల్లలకు పాఠంగా చెప్పిందంతా మా అరుగుల మీద కూర్చుని మాకు అర్థమయ్యేలా మళ్లీ చెప్పారు. అందులో ముఖ్యమైనవి అందరికీ చేరాలని ఇక్కడ పెడుతున్నాం.

దోమకాటుతో ఒంట్లో చేరే ఫైలేరియా పురుగు చచ్చిపోయాక కూడా కాలు ఎందుకు లావెక్కుతుంది? పురుగు పాడుచేసిన లింఫ్ నాళాలు (ఒంట్లో ఊరిన నీటిని లాగేసే గొట్టాలు) మళ్లీ బాగవ్వవు, నీరు కాల్లోనే నిలిచిపోతుంది. ఊడ్పుల రోజుల్లో వేళ్ల సందులు నాని చీలితే అందులోంచి బాక్టీరియా లోపలికి పోతుంది. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ, ఎర్రబడి మండే కాలు అన్నీ దాని వల్లే. ఇలా జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు కొంత మిగిలిపోతుంది. అంటే కాలు పెరగకుండా ఆపడం చాలావరకు ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంది.

కడగడం రోజుకు రెండుసార్లు. కుదరకపోతే రాత్రి పడుకునే ముందు ఒక్కసారైనా తప్పకూడదు. వేడినీళ్లు వద్దు, మామూలు చన్నీళ్లు, ఒంటి సబ్బు చాలు. వాపు ఎక్కడ మొదలైందో అక్కడినుంచి కిందికి, పాదం దాకా మెత్తగా రుద్దాలి. కొబ్బరిపీచుతో తోమడం మన కోనసీమలో అలవాటు, అది మానాలి. చర్మం గీసుకుపోతే సూక్ష్మక్రిములకు దారి మనమే వేసినట్టు. మడతల్లో, వేళ్ల సందుల్లో చిన్న గుడ్డముక్కతో తుడిచి, సబ్బు పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయాలి. చాలామంది తప్పేది ఆ తర్వాతే: తడి ఆరనివ్వరు. పొడి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. సందులు తెల్లగా నానినట్టుంటే అది ఫంగస్, ఆరోగ్యకేంద్రంలో ఇచ్చే పూత మందు రాయాలి. పడుకునేటప్పుడు మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ఇది చేయకూడదు. బిగుతు చెప్పులు వద్దు, ఉత్తకాళ్లతో పొలానికి వెళ్లడం అసలు వద్దు.

జ్వరం వచ్చిన రోజున కాపడం పెట్టకండి, గాట్లు పెట్టించకండి. తడిగుడ్డ వేసి, కాలు ఎత్తుగా పెట్టి, పారాసిటమాల్ వేసుకుని, యాంటీబయాటిక్ కోసం ఆరోగ్యకేంద్రానికి వెళ్లాలి. పురుగు పిల్లల్ని చంపే డీఈసీ మాత్ర ఆ సమయంలో వేసుకోకూడదు.

ఫైలేరియా పరీక్షకు రాత్రిపూట రక్తం తీయడమేమిటని మొదట్లో విసుక్కున్నవాళ్లు చాలామందే. ఈ జబ్బును మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రి, పురుగు పిల్లలు పైరక్తంలోకి వచ్చేది కూడా సుమారు పది నుంచి రెండు గంటల మధ్యే. వేలినుంచి 20 మైక్రోలీటర్ల రక్తం తీసి గాజుపలక మీద మందంగా పరిచి, చీమలు ఎక్కని చోట ఆరబెట్టాలి. చీమలు తినేస్తే ఆ మనిషిని మళ్లీ నిద్రలేపాల్సిందే. పగలు చేసే స్ట్రిప్ పరీక్షకైతే 75 మైక్రోలీటర్లు కావాలి. సరిగ్గా 10 నిమిషాలకు చూడాలి, ఆలస్యంగా చూస్తే లేని గీత కనిపిస్తుంది.

కాలు వాచినవాళ్ల రక్తంలో తరచుగా ఏమీ దొరకదు. ఏ లక్షణమూ లేనివాళ్ల రక్తంలో పురుగు పిల్లలు ఉండవచ్చు, వాళ్లనుంచే ఊరికి పాకేది. అందుకే మాత్రలు అందరూ మింగాలి. డీఈసీ 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు 100 మిల్లీగ్రాములు, 6 నుంచి 14 ఏళ్ల వారికి 200, ఆ పైన 300. అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు దీనితోపాటు. తిన్నాకే వేసుకోవాలి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, బాగా జబ్బుగా ఉన్నవాళ్లకు ఇవ్వరు. వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. లోపల పురుగు పిల్లలు చస్తున్నాయని దానర్థం.

ఈ డీఈసీ వెనక 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారని చెబుతుంటే డాక్టరు గారి గొంతు మారిపోయేది. మద్రాసులో చదివి, అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో ప్రకటించారు, కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్ కనుగొన్నారు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థకు వెళ్లాక ఆయన నడిపిన బృందమే పత్తి ఎలుకల మీద పరీక్షించి 1947లో ఈ మందు విషయం ప్రకటించింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. "ఒక్కడే కనిపెట్టాడనకండి, బృందం కనిపెట్టింది" అని డాక్టరు గారు మమ్మల్ని దిద్దేవారు. పరిశోధకుడు పరిశోధకుడికి ఇచ్చే మర్యాద అలా ఉంటుందని మాకు తెలిసింది.

ఈ దోమలు పెరగకుండా సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టాలకు దోమతెర గుడ్డ కట్టించింది కూడా డాక్టరు గారే.

రాత్రుళ్లు టార్చిలైట్లు పట్టుకుని గడపగడపకూ తిరిగిన పీజీ విద్యార్థులకు, ఆశా అమ్మలకు కూడా దండాలు. ఇదే జబ్బు వల్ల వరిబీజం వచ్చిన మగవాళ్లు సిగ్గుపడి దాచుకుంటున్నారు. అది ఆపరేషన్‌తో నయమవుతుంది, డాక్టరు గారితో మాట్లాడితే ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఆయనే చెబుతారు.